యూనియన్ పెట్టుకుంటే పార్టీ కామ్రేడ్లను లోపలికి రానివ్వాలా?

పటాన్‌చెరు_బ్యాచ్
అందరికీ నమస్తే. పటాన్‌చెరు వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్‌ని. పర్మినెంట్ వాళ్లకు రెండింతలు కాంట్రాక్ట్ వాళ్లున్నారు. పాశమైలారం పేలుడులో (2025 జూన్ 30) యాభై మందికి పైగా పోయాక మా దగ్గర యూనియన్ మాట మొదలైంది. షిఫ్ట్ మారే టైముకు గేటెదురు టీ కొట్టు దగ్గరికి ఒక సీఐటీయూ (సీపీఎం కార్మిక సంఘం) ఆయన వస్తాడు, కరపత్రాలు పంచుతాడు. రిజిస్ట్రేషన్ కాగితాలు తనే రాసిపెడతానన్నాడు. ఇప్పటిదాకా టీ డబ్బులు కూడా ఆయనే ఇస్తున్నాడు. కొందరు ఆయన్నే అధ్యక్షుడిగా పెట్టుకుందామంటున్నారు. కొందరేమో జెండా పాతితే కంపెనీ మూతపడుతుందని భయపడుతున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

తాడికొండ_రవి
రానివ్వకండి తమ్ముడూ. మా నాన్న గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో చేశాడు. టౌను నుంచి నాయకులొచ్చారు, ఎర్రజెండా పాతారు, ప్రతి నెలా చందా రసీదు. లాకౌట్ పడింది. నాలుగు నెలలు మా అమ్మ మిరపకాయల కోతకెళ్లి ఇల్లు నడిపింది. తర్వాత ఆ నాయకులు ఇంకో మిల్లు చూసుకున్నారు.

పెద్ద ఉదాహరణ కావాలంటే బొంబాయి. 1982 జనవరి 18న రెండున్నర లక్షల మంది బట్టల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. నడిపించింది డాక్టర్ దత్తా సామంత్. మిల్లులో ఒక్క రోజు పనిచేసిన మనిషి కాదు. ఆ సమ్మెను విరమిస్తున్నామని ఈ రోజుకీ ఎవరూ ప్రకటించలేదు. మిల్లుల స్థలాల్లో మాల్స్ లేచాయి. మన తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలీలు ఎంతమంది రోడ్డున పడ్డారో అడగండి.

గని_కార్మికుడు
రవి గారూ, దత్తా సామంత్ సోషలిస్టు కాదు, కమ్యూనిస్టూ కాదు. కాంగ్రెస్ ఎమ్మెల్యేగా చేసిన మనిషి. ఆయన్ని తెచ్చి సోషలిస్టుల ఖాతాలో రాయడం ఏం న్యాయం? ఇంకోటి, ఆయన కార్మికుల దగ్గరికి పోలేదు, కార్మికులే ఆయన ఇంటికి పోయి కూర్చున్నారు. ఎందుకంటే గుర్తింపు ఉన్న సంఘం, ఆర్‌ఎంఎంఎస్, వాళ్ల మాట వినడం మానేసింది. 1946 నాటి బొంబాయి చట్టం ప్రకారం యజమానులు ఆ సంఘంతో తప్ప ఇంకెవరితోనూ ఒప్పందం చేసుకోనక్కర్లేదు. రోగం అక్కడుంది.

బయటి మనిషి అన్న మాటకొస్తే, వి.వి. గిరి గారు చదివింది లా. ఆయనేమన్నా ఇంజన్ నడిపాడా? రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టాడు, దేశమంతటి కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీకి అధ్యక్షుడయ్యాడు, తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఆ ఏఐటీయూసీకే 1920లో తొలి అధ్యక్షుడు లాలా లజపతిరాయ్. లోపలి మనిషి నోరు తెరిస్తే తెల్లారేసరికి సస్పెన్షన్ లెటర్ వస్తుంది. బయటి మనిషిని సస్పెండ్ చేయలేరు కదా.

బజ్జీల_బాబ్జీ
మిరపకాయ బజ్జీలు తెచ్చుకున్నా. కానివ్వండి.

తాడికొండ_రవి
సోషలిస్టా కాదా అని ఎవరడిగారు? మిల్లు పనోడు కాదన్నాను. చేతికి నూలు అంటనోడు సమ్మె పిలుపిస్తే కూలి పోయేది ఎవరికి?

గని_కార్మికుడు
మీరే కదా "ఎర్రజెండా" అన్నారు? దత్తా సామంత్‌ది ఎర్రజెండా కాదు అంటున్నా.

చట్టం_చదివినోడు
రంగు గొడవ పక్కన పెట్టి అడిగినదానికి చెబుతాను. ఏడుగురు దరఖాస్తు పెట్టొచ్చు. కానీ మొత్తం కార్మికుల్లో 10 శాతమో, 100 మందో, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. బయటివాళ్లు కార్యవర్గంలో మూడో వంతుకు గానీ, ఐదుగురికి గానీ (ఏది తక్కువైతే అది) మించకూడదు. ఇది 1926 కార్మిక సంఘాల చట్టానికి 2001లో తెచ్చిన సవరణ, కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. అంటే ఆయన అధ్యక్షుడైనా మిగతా కుర్చీలు చాలావరకు మీవే. అదే కోడ్ ప్రకారం ఒకటి కంటే ఎక్కువ సంఘాలుంటే, 51 శాతం కార్మికులున్న సంఘానికే యాజమాన్యంతో మాట్లాడే హక్కు; ఎవరికీ అంత లేకపోతే 20 శాతం, ఆపైన ఉన్న సంఘాలతో చర్చల మండలి వేస్తారు. రెండు ముక్కలై పోతే ఇద్దరికీ నష్టమే.

సామ్‌సంగ్ సంగతి కూడా చూడండి. చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూర్ ఫ్యాక్టరీలో 2024 సెప్టెంబరు 9న మొదలై 37 రోజులు సమ్మె జరిగింది. వెనక ఉన్నది సీఐటీయూ. కంపెనీ ఏమందో తెలుసా, మా కార్మికులతో మాట్లాడతాం, బయటివాళ్లతో మాట్లాడం అంది. సంఘం పేరులో సామ్‌సంగ్ అని ఉండకూడదంది. చివరికి మద్రాస్ హైకోర్టు చెప్పాక 2025 జనవరిలో రిజిస్టర్ అయింది. ఆ కోర్టు చుట్టూ ఎవరు తిరిగారు? లైన్ మీద నిలబడే కుర్రాడికి అంత తీరిక ఉంటుందా?

పటాన్‌చెరు_బ్యాచ్
థాంక్స్ అన్నా. ఈ 51 శాతం సంగతి మాలో ఎవరికీ తెలియదు.

తాడికొండ_రవి
తమ్ముడూ, కోర్టు ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అడుగు. చందా పార్టీకి పోతుందా, సంఘం ఖాతాలో ఉంటుందా? మా నాన్న దగ్గరున్న రసీదుల మీద సంతకం కూడా సరిగ్గా ఉండేది కాదు.

గని_కార్మికుడు
ఎప్పుడూ చందా, చందా! నెలకు పది, ఇరవై రూపాయలకు ఇంత రాద్ధాంతమా? సింగరేణిలో 1998 నుంచి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నికలు జరుగుతున్నాయి. 2012, 2017లో టీబీజీకేఎస్ (తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం) గెలిచింది, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ. నచ్చకపోతే దించుతాం. మీ నాన్నగారి మిల్లులో ఓటేసుకునే తెలివి లేకపోతే జెండాదా తప్పు?

తాడికొండ_రవి
మా నాన్న తెలివి గురించి మాట్లాడటానికి నువ్వెవడివి? జీతం లక్ష దాటి, క్వార్టర్, ఏటా లాభాల వాటా తీసుకునే నువ్వు చెప్పే కార్మికోద్యమం మాకొద్దు!

నిర్వాహకుడు
ఇంట్లో పెద్దలను ఇందులోకి లాగొద్దు. ఇంకోసారైతే తాళం వేస్తాను.

చీపురుపల్లి_అక్క
తాళం వేసేముందు నాదొక మాట. పేరు చెప్పను గానీ నేను పనిచేసేది ఒక ప్రభుత్వ సంస్థలో, కాంట్రాక్ట్ స్వీపర్‌ని. గని అన్నయ్యా, రహస్య బ్యాలెట్ అన్నారు. మా దగ్గరా జరుగుతుంది. పోలింగ్ గది ముందురోజు ఊడ్చేది మేమే, ఓటు మాత్రం మాకు లేదు. మేం సమ్మె కూర్చున్నప్పుడు పర్మినెంట్ సార్లు బండి స్లో కూడా చేయకుండా డ్యూటీకి పోయారు. టెంటు కింద మాతో కూర్చుని ఉప్మా తిన్నది, రాత్రి పోలీస్ స్టేషన్‌కు వచ్చింది ఆ పార్టీ వాళ్లే. చందా అడిగారు, ఇచ్చాను. మంచివాళ్లనీ అనను. మైకు పట్టుకుంటే వదలరు, మా ఆడవాళ్లను మాట్లాడనివ్వరు. కానీ వచ్చింది వాళ్లే.

రవి గారూ, ఒకటి అడగనా? మీ నాన్నగారు మిల్లులో పర్మినెంటా, బదిలీనా (పర్మినెంట్ వాళ్లు రాని రోజు పెట్టుకునే మనిషా)?

తాడికొండ_రవి
బదిలీ.

పదకొండేళ్లు బదిలీనే. లాకౌట్ ఎత్తేసిన రోజు పర్మినెంట్ వాళ్లందరినీ తీసుకున్నారు. బదిలీ వాళ్ల పేర్లు ఒప్పందంలో లేవు. సంతకం అయిందని గేటు దగ్గర వాచ్‌మన్ చెప్పాడు నాన్నకు.

గని_కార్మికుడు
అది చెప్పొచ్చు కదా మొదటే. అది సంతకం చేసినవాళ్ల తప్పు, బయటివాళ్ల తప్పు కాదు. మా దగ్గరా కాంట్రాక్ట్ వాళ్లకు ఆ ఎన్నికల్లో ఓటు లేదు, నిజమే. 2022 సెప్టెంబరులో వాళ్లు 18 రోజులు సమ్మె చేశారు, కోల్ ఇండియాలో కాంట్రాక్ట్ వాళ్లకు ఇచ్చే, హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాల కోసం. కానీ అక్కా, ఓటు నిబంధన సంఘాలు పెట్టింది కాదు.

చీపురుపల్లి_అక్క
మార్చమని ఎన్నిసార్లు సమ్మె నోటీసు ఇచ్చారు?

పటాన్‌చెరు_బ్యాచ్
ఇంకో సంగతి. టీ కొట్టు ఆయన ఒక షరతు పెట్టాడు. కాంట్రాక్ట్ వాళ్లను, అందులో బిహార్, ఒడిశా వాళ్లను కూడా కలుపుకుంటేనే కాగితాలు రాస్తానన్నాడు. మావాళ్లలో వద్దంటున్నవాళ్ల గొడవ చాలావరకు అదే. కంపెనీ మూతపడుతుందన్నది పైకి చెప్పే మాట. వాళ్లను కలుపుకుంటే మన జీతాల పెంపు మీద పడుతుందని క్యాంటీన్‌లో అంటున్నారు.

చట్టం_చదివినోడు
బైలాలో (సంఘం నియమావళిలో) రాసుకుంటే వాళ్లూ సభ్యులవుతారు. మీ లెక్క ప్రకారం వాళ్లే రెండింతలు. వదిలేసి లైన్ ఆపగలరా?

తాడికొండ_రవి
అయితే తమ్ముడూ, ఆయన్ని అధ్యక్షుడిగా పెట్టుకుంటారో, టీలు తాగి పంపేస్తారో మీ ఇష్టం. పార్టీ వాళ్ల మీద నా అభిప్రాయం మారలేదు. బైలాలో మాత్రం ఒప్పందం మీద సంతకానికి ముందు కాంట్రాక్ట్ వాళ్లతో సహా అందరి ఓటు ఉండాలని రాయించు. దానికి ఆయన ఒప్పుకోకపోతే నాకు మెసేజ్ పెట్టు.

గని_కార్మికుడు
ప్రతి ఒప్పందానికీ అందరి ఓటంటే చర్చలు ఏడాది సాగుతాయి. ప్రాక్టికల్‌గా ఆలోచించండి.

చీపురుపల్లి_అక్క
సాగనివ్వండి అన్నయ్యా.

పటాన్‌చెరు_బ్యాచ్
ఆదివారం మీటింగ్. హిందీలో కూడా నోటీసు రాయాలి, మాలో ఎవరికీ సరిగ్గా రాదు. ఎవరైనా రాసిపెడతారా?