ఉద్యోగం పోయింది. పిల్లల స్కూల్లో ఫ్రీ లంచ్ ఫారం నింపొచ్చా, నింపడం తప్పా?

ప్లేనో నాన్న
మేం నలుగురం, టెక్సాస్‌లో ఉంటాం. లేఆఫ్‌లో నా ఉద్యోగం పోయింది. ఇప్పుడు మా ఆవిడ జీతమే ఆధారం, పన్నులు కోయకముందు నెలకి 3,900 డాలర్లు. ఫ్రీ అండ్ రెడ్యూస్డ్ లంచ్ (స్కూల్లో ఉచితంగా లేదా తగ్గించిన ధరకి భోజనం) ఫారం పెట్టుకోండి అని పిల్లాడి టీచర్ చెప్పారు. మా ఫ్రెండేమో, అది బీదవాళ్ల కోసం, నువ్వు పెడితే రేపు గ్రీన్ కార్డుకి అడ్డం పడుతుంది అంటున్నాడు. మా గ్రీన్ కార్డు ఫైలింగ్ ఇంకా పెండింగ్‌లోనే ఉంది, అదొక టెన్షన్. ఏం చేయమంటారు?

రాలీ మామయ్య
గ్రీన్ కార్డు సంగతి పక్కన పెట్టి మాట్లాడతాను. ఆ ఫారంలో ఆదాయం అడుగుతారు గానీ ఆస్తి అడగరు. 401కె అనే రిటైర్మెంట్ పొదుపు ఉన్నా, కోకాపేటలో ఫ్లాట్ ఉన్నా, ఈ నెల జీతం తక్కువైతే చాలు, అర్హత వచ్చేస్తుంది. రూల్ ఒప్పుకుంటుంది కదా అని తీసుకోవడం నాకు నచ్చదు. రెండు ఉద్యోగాలు చేసి కూడా అద్దె కట్టలేని తల్లి కోసం పెట్టిన డబ్బు అది. దాచుకున్నది నాలుగు నెలలకి సరిపోయేవాళ్లు ఆగాలి. మీ మీద కోపంతో అనడం లేదు తమ్ముడూ, మనవాళ్లందరికీ చెప్పాల్సిన మాట ఇది.

కేఫెటీరియా అక్క
నేను స్కూల్ కేఫెటీరియాలో క్యాషియర్‌ని. మామయ్యగారి మాట అర్థమైంది, కానీ ఒప్పుకోను.

ముందు ప్లేనో తమ్ముడికి లెక్క చెప్తాను. 2025-26కి నలుగురి కుటుంబానికి ఏడాదికి 41,795 డాలర్ల దాకా ఫ్రీ, 59,478 దాకా రెడ్యూస్డ్. నెలకి చూస్తే సుమారు 3,483, 4,957. మీ 3,900 రెడ్యూస్డ్‌లోకి వస్తుంది. లంచ్‌కి 40 సెంట్లు, బ్రేక్‌ఫాస్ట్‌కి 30 సెంట్లు మించి తీసుకోకూడదు. చూసేది ఇప్పటి ఆదాయం, నిరుటి డబ్ల్యూ-2, అంటే ఏడాది జీతం కాగితం, కాదు. వీసా స్టేటస్ అడగరు. సంతకం పెట్టే పెద్దవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్ చివరి నాలుగు అంకెలు రాస్తారు, నంబర్ లేకపోతే లేదని టిక్ పెడతారు. ఇక గ్రీన్ కార్డు భయం. సర్కారు సాయం మీద ఆధారపడతారనిపిస్తే గ్రీన్ కార్డు ఆపేసే పబ్లిక్ చార్జ్ రూల్‌ని 2019లో బాగా కఠినం చేశారు, అప్పుడు కూడా స్కూల్ భోజనాన్ని అందులో కలపలేదు.

ఇప్పుడు మామయ్యగారికి. పిల్లలు ట్రే పట్టుకుని వచ్చి కీప్యాడ్ మీద తమ నంబర్ కొడతారు. ఎవరిది ఫ్రీ, ఎవరు డబ్బు కడుతున్నారు అనేది పక్క పిల్లలకి తెలియకూడదని ఫెడరల్ రూల్. అంతవరకు బాగానే జరుగుతుంది. అకౌంట్‌లో డబ్బు అయిపోయినప్పుడు మొదలవుతుంది అసలు బాధ. నా పాత స్కూల్ డిస్ట్రిక్ట్‌లో బాకీ ఒక హద్దు దాటితే వేడి భోజనం ట్రే వెనక్కి తీసుకుని చల్లటి చీజ్ శాండ్‌విచ్ ఇవ్వమనేవారు. ఒకసారి పిల్లాడు ముట్టుకున్న ట్రే ఇంకొకరికి పెట్టకూడదు, అందుకని ఆ పిజ్జా ముక్క, ఆపిల్, పాలు వాడి కళ్ల ముందే చెత్తబుట్టలో పడేయాలి. వాడు ఆ రోజు శాండ్‌విచ్ కూడా తినడు. ఆ పిల్లల్లో ఫ్రీ లంచ్ వాళ్లు ఉండరు, వాళ్లకి అసలు బిల్లే పడదు. నెలకి వంద డాలర్లు ఎక్కువొచ్చి గీత దాటినవాళ్లు, లేదంటే పరువుకి జంకి ఫారం పెట్టనివాళ్లు. లంచ్ బాకీ ఉందని పిల్లల్ని నలుగురిలో చిన్నబుచ్చకూడదని న్యూ మెక్సికో 2017లోనే చట్టం చేసింది. అన్ని రాష్ట్రాల్లో అలా లేదు.

కాబట్టి మీరు ఆగితే ఇంకో తల్లికి మిగులుతుంది అనుకోకండి. ఇది అర్హులందరికీ ఇచ్చే పథకం, ఇన్నే సీట్లు అని లేదు.

రాలీ మామయ్య
సీట్ల లెక్క లేదన్నది నిజమే, ఆ మాట ఒప్పుకుంటాను. మరి అప్పుడు గీత పైకి జరపాలి. అలాస్కా, హవాయి తప్పిస్తే దేశమంతా ఒకటే గీత, మిసిసిపీ పల్లెకీ సియాటిల్‌కీ ఒకటే. సియాటిల్‌లో 60 వేలతో నలుగురు ఎలా బతుకుతారు? అంతేగానీ కొందరు అడుగుతున్నట్టు అందరికీ ఫ్రీ అనడం తప్పు. క్యూపర్టినోలో ఇల్లున్నవాళ్ల పిల్లల పిజ్జాకి సర్కారు డబ్బెందుకు?

సన్నీవేల్ అమ్మ
ఆ క్యూపర్టినో పక్కనే మేం ఉండేది. కాలిఫోర్నియాలో 2022-23 నుంచి ఏ పబ్లిక్ స్కూల్లోనైనా పిల్లలందరికీ ఫ్రీ. మా అమ్మాయి ఇంటి నుంచి పులిహోర తీసుకెళ్తుంది, వారంలో రెండుసార్లు మాత్రం స్కూల్లో బీన్ బరీటో తింటుంది. ఎవరూ ఎవర్నీ అడగరు. డబ్బు మాటంటారా, కొలరాడో ఓటర్లు 2022లో 3 లక్షల డాలర్లు దాటిన ఆదాయాల మీద పన్ను పెంచుకుని మరీ తెచ్చుకున్నారు. ఉన్నవాళ్ల పిల్లలు తిన్నా, ఆ ఉన్నవాళ్లే కడుతున్నారు కదా. మన ఊళ్లో జిల్లా పరిషత్ స్కూల్లో మధ్యాహ్న భోజనానికి రేషన్ కార్డు చూపించమంటారా?

రాలీ మామయ్య
ఆ పోలిక కుదరదమ్మా. అక్కడ ఉన్నవాళ్లు పిల్లల్ని ముందే ప్రైవేటు స్కూల్లో వేసేస్తారు. సర్కారు బడికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది లేనివాళ్లే, అందుకే కార్డు అడగనక్కర్లేదు. ఇక్కడ డాక్టర్ కొడుకూ, డాక్టర్ ఇంట్లో పనిచేసే ఆవిడ కొడుకూ ఒకే పబ్లిక్ స్కూల్లో చదువుతారు.

కేఫెటీరియా అక్క
అందుకే కదండీ ఫారం ఉండకూడదనేది! ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చునేచోట ఒకడి ఇంటి జీతం గురించి స్కూలు ఆరా తీయడం ఎందుకు? బస్సు ఎక్కినప్పుడు అడగం, పుస్తకాలు ఇచ్చినప్పుడు అడగం.

సన్నీవేల్ అమ్మ
ఒక్క ఇబ్బంది చెప్పాలి. భోజనం ఫ్రీ అయ్యాక కూడా మా స్కూలు ఆదాయం ఫారం నింపమని వెంటపడుతుంది. తక్కువ ఆదాయం పిల్లల సంఖ్యని బట్టి రాష్ట్రం స్కూలుకి అదనంగా నిధులిస్తుంది. అన్నం ఎలాగూ పెడుతున్నారని జనం నింపడం మానేస్తే ఆ లెక్క తగ్గిపోతుంది. ఫ్రీ ఉన్న రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు దయచేసి నింపండి.

ప్లేనో నాన్న
అందరికీ థాంక్స్. మా ఆవిడ, నేను కూర్చుని మాట్లాడుకున్నాం, పెట్టేద్దాం అనుకున్నాం. మామయ్యగారూ, దాచింది ఉంది గానీ అది ఇంటి లోన్‌కి పోతుంది. అక్కా, ఊళ్లో అమ్మానాన్నలకి నెలనెలా పంపేది ఆదాయంలోంచి తీసేయొచ్చా?

కేఫెటీరియా అక్క
తీసేయకూడదు తమ్ముడూ. కోతలేవీ లేకముందు మొత్తం ఎంతో అదే రాయాలి. కొన్ని ఫారాల్ని ఎంచి జీతం స్లిప్పులు అడుగుతారు, కాబట్టి సరిగ్గా రాయండి. పిల్లలిద్దరికీ ఒకటే ఫారం. జవాబుకి స్కూలు పనిదినాలు పది దాకా పట్టొచ్చు, అప్రూవ్ అయ్యేలోపు తిన్న బిల్లు మాత్రం మీరే కట్టాలి. అందుకని రేపటిదాకా ఆగకుండా ఈ రాత్రే ఆన్‌లైన్‌లో పంపేయండి.