ఇలియట్ లేక్‌లో ఇళ్ళు ఎందుకంత చవక? ఆ యురేనియం ఊరి కథ తెలిసినవాళ్ళు చెప్పండి

బ్రాంప్టన్_బాబు:

అందరికీ నమస్తే. మా బాబాయి వాళ్ళు మిస్సిసాగాలో ఉంటారు, కెనడా వచ్చి పాతికేళ్ళు దాటింది, త్వరలో రిటైర్ అవుతున్నారు. ఇక్కడి ఇల్లు అమ్మేసి ఒంటారియో ఉత్తరాన ఇలియట్ లేక్ వెళ్ళిపోతామని ఒకటే పట్టు. సడ్‌బరీకి, సూ సెయింట్ మేరీకి మధ్యలో ట్రాన్స్ కెనడా హైవే వదిలి 108 మీద పైకి పోతే వచ్చే ఊరు. సరస్సు ఒడ్డున ఇల్లు, వెనకాల అడవి, టొరంటో చుట్టుపక్కల ఒక చిన్న కండో రేటులో సగం కూడా లేదు. ఫొటోలు చూస్తే నాకే వెళ్ళిపోవాలనిపించింది.

పిన్నికి మాత్రం టెన్షన్. అది ఒకప్పటి యురేనియం గనుల ఊరని, అందుకే ఎవరూ కొనట్లేదని ఎవరో చెవిలో వేశారు. బాబాయేమో అక్కడున్నవాళ్ళంతా రిటైరైనవాళ్ళే, హాయిగా చేపలు పట్టుకుంటూ బతుకుతున్నారు, నీకెందుకు భయం అంటారు. ఇద్దరి మధ్యా నేను నలిగిపోతున్నాను. అసలు గనుల ఊరు ముసలివాళ్ళ ఊరు ఎలా అయింది? చవక వెనక కథేంటి?

సడ్‌బరీ_సత్యం:

బాబూ, ఎవరూ కొనక చవక కాలేదు ఆ ఊరు. అక్కడ ఉండాల్సిన మనుషులకన్నా ఇళ్ళు ఎక్కువ కట్టేశారు, అదీ సంగతి. కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1950ల మొదట్లో అక్కడ ఊరే లేదు, సరస్సులూ రాళ్ళూ దోమలూ. ఫ్రాంక్ జూబిన్ అనే జియాలజిస్టుకి ఆ ప్రాంతపు రాయి ఒక చిక్కుముడిలా తగులుకుంది. రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్ పెడితే టకటకా కొట్టుకుంటుంది, అదే రాయిని ల్యాబ్‌కి పంపితే యురేనియం దాదాపు లేదని వస్తుంది. మిగతావాళ్ళు వదిలేశారు, ఈయన వదల్లేదు. ఆ రాయిలో పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం ఉంది, వాన పడి గాలి తగిలితే అది ఆమ్లమవుతుంది, ఆ ఆమ్లం పైపొరలోని యురేనియాన్ని కరిగించి తీసుకుపోయి ఉంటుంది, కాబట్టి లోపల ఉండాలి అని ఆయన లెక్క. న్యూయార్క్ పెట్టుబడిదారు జోసెఫ్ హర్ష్‌హార్న్ డబ్బు పెట్టాడు. 1953లో డ్రిల్లు వేస్తే 56 నమూనాల్లో 50 నిజంగానే యురేనియం చూపించాయి. వెంటనే స్టాక్ మార్కెట్‌కి గాలి సోకకుండా కొన్ని వారాలపాటు మనుషుల్ని సీప్లేన్లలో అడవిలోకి దింపి, రహస్యంగా హద్దులు పాతించి, ఒక్కసారిగా 1,400 దాకా క్లెయిములు, అంటే తవ్వుకునే హక్కులు, రిజిస్టర్ చేయించారు. మ్యాపు మీద ఆ ఖనిజపు పొర ఇంగ్లీషు జెడ్ అక్షరంలా ఉంటుంది, అందుకే బిగ్ జెడ్ అన్నారు.

అప్పట్లో అమెరికా అణుబాంబుల కోసం ఎంత తవ్వితే అంత కొంటోంది. అందుకే 1955లో గీతలు గీసి మరీ ఊరు కట్టారు: బడి, ఆసుపత్రి, వీధుల వరస, అన్నీ ప్లాను ప్రకారం. నాలుగైదేళ్ళలో 12 గనులు, 25,000 దాకా జనం. అంతలో 1959లో అమెరికా ఇక కొత్తగా కొనబోమని చెప్పేసింది. గనులు వరసబెట్టి మూతపడ్డాయి, కొన్నేళ్ళలోనే జనాభా 7,000 దాకా దిగింది. ఇంటి సామాను ఎవరికి అమ్మాలో తెలియక వదిలేసి వెళ్ళినవాళ్ళున్నారు. ఆ నియోజకవర్గం ఎంపీ ఎవరనుకున్నారు, లెస్టర్ పియర్సన్. 1963లో ఆయనే ప్రధాని అయ్యాడు. ప్రభుత్వం యురేనియం కొని నిల్వపెట్టే పథకంతో మిగిలిన గనులు ఊపిరి నిలుపుకున్నాయి, అందులో ఆయన నియోజకవర్గం పాత్ర ఎంతో మీరే ఊహించుకోండి.

రెండో జోరు కరెంటుది. 1970ల చివర్లో ఆ రాష్ట్ర విద్యుత్ సంస్థ ఒంటారియో హైడ్రో తన అణు విద్యుత్ కేంద్రాల కోసం డెనిసన్, రియో ఆల్గమ్ కంపెనీలతో దశాబ్దాల కాంట్రాక్టులు రాసుకుంది. జనం మళ్ళీ వచ్చారు, కంపెనీలు మళ్ళీ ఇళ్ళు కట్టాయి. కానీ ఇక్కడి రాయి బీదది, టన్నుకి రెండు పౌన్ల యురేనియం వస్తే మంచి రాయి. సస్కాచువాన్‌లో అంతకు ఎన్నో రెట్లు దిట్టమైన ఖనిజం బయటపడ్డాక ఈ ధర ఎవరు ఇస్తారు? 1990లో క్వర్క్, పానెల్ గనులు మూశారు, 1992లో డెనిసన్, 1996లో స్టాన్‌లీ. భూమిలో సరుకు అయిపోయి కాదు, కొనేవాడు పోయి. మిగిలింది రోడ్లు, ఆసుపత్రి, కర్లింగ్ క్లబ్బు, వందల కొద్దీ ఖాళీ ఇళ్ళు.

ఆ ఖాళీ ఇళ్ళే ఐడియా ఇచ్చాయి. 1980ల చివరికే మూతపడటం ఖాయమని తెలిసి, ఊళ్ళోవాళ్ళు ఆ ఇళ్ళనీ అపార్టుమెంట్లనీ రిటైరైనవాళ్ళకి తక్కువ అద్దెకిచ్చే ప్రయోగం మొదలుపెట్టారు. తర్వాత అది రిటైర్మెంట్ లివింగ్ అనే లాభాపేక్ష లేని సంస్థ అయింది. దక్షిణ ఒంటారియో అంతా ప్రకటనలిచ్చారు: మీ ఊళ్ళో అద్దెకి పోయే పెన్షన్‌తో ఇక్కడ అద్దె కట్టి పడవ కూడా కొనుక్కోవచ్చు అనే ధోరణిలో. పనిచేసింది. 2021 జనాభా లెక్కల్లో 11,372 మంది. గని మూసినచోట ఊరు ఇంత నిలబడటం మామూలు విషయం కాదు, ఎవరేమన్నా నేను దానికి దండం పెడతాను.

కోలార్_కుర్రాడు:

సత్యం గారూ, మాది కేజీఎఫ్ పక్కన, ఇంట్లో తెలుగే. మా దగ్గర 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూశారు. ఏ పెన్షనరూ వచ్చి అద్దెకి దిగలేదు. తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి తిరిగొచ్చే బతుకులు, ఊరి నడుమ సైనైడ్ మట్టి దిబ్బలు. చదువుతుంటే కుళ్ళొచ్చింది, నిజం చెప్తున్నా.

గోదావరిఖని_పిల్లోడు:

పైన చెప్పిందంతా కరెక్టే కానీ అన్నా, ఊరు నిలబడింది అని దండం పెట్టేముందు ఆ బాయిల్లో దిగినోళ్ళ సంగతి కూడా చెప్పాలి కదా. మా నాయన బొగ్గు బాయిలో చేసిండు, ఆ దగ్గు వింటూ పెరిగినోణ్ణి, అందుకే నాకు ఇదే ముందు కనబడ్తది.

ఇలియట్ లేక్ రాయి నిండా క్వార్ట్జ్. డ్రిల్లు వేస్తే లేచే దుమ్ముతో సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు, దానిమీద యురేనియం రాయిలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక గ్యాసుతో ఊపిరితిత్తుల క్యాన్సర్. 1974 ఏప్రిల్‌లో డెనిసన్ గనిలో వెయ్యిమంది దాకా యూనియన్ నోటీసు కూడా లేకుండానే పని ఆపేసి బయటికొచ్చిన్రు. జీతం కోసం కాదు, గాలి కోసం. అదే ఏడాది ఆ కార్మికుల క్యాన్సర్ లెక్కలు ముందు ఫ్రాన్స్‌లో ఒక సదస్సులో చదివిన్రు, ఊళ్ళో ఉన్నోళ్ళకి తర్వాత తెలిసింది! ఆ గొడవతోనే జేమ్స్ హామ్ కమిషన్ వేసిన్రు, 1976లో రిపోర్టు, 1979లో ఒంటారియో వృత్తి ఆరోగ్య భద్రత చట్టం అమల్లోకి. ప్రమాదం అనిపిస్తే పని చేయను అనే హక్కు ఈ రోజు బ్రాంప్టన్ గోడౌన్‌లో చేసే మన పిల్లలకి కూడా ఉందంటే దాని వెనక ఆ సమ్మె ఉంది. అదే 1974లో హర్ష్‌హార్న్ పేరుమీద వాషింగ్టన్‌లో ఆర్ట్ మ్యూజియం తెరిచిన్రు, అది కూడా రాసుకోండి.

ఇంకొకటి, ఇది చదివినప్పుడు నాకు అన్నం దిగలేదు. సిలికోసిస్ రాకుండా మందు అని చెప్పి, షిఫ్టుకి ముందు బట్టలు మార్చుకునే గదిలో తలుపులేసి, నల్లటి సన్న అల్యూమినియం పొడి గాల్లోకి కొట్టి, గట్టిగా పీల్చండి అనేవాళ్ళు. దాని పేరు మెకింటైర్ పౌడర్. ఒంటారియో గనుల్లో 1943 నుంచి 1979 దాకా నడిచింది, ఇక్కడి యురేనియం గనుల్లో కూడా. ఇలియట్ లేక్‌లో చేసిన ఒక మైనర్‌కి పార్కిన్సన్స్ వస్తే ఆయన కూతురే పట్టుబట్టి, పొడి పీల్చినోళ్ళ పేర్లు వందల్లో పోగుచేసింది. చివరికి 2022లో ఒంటారియో ప్రభుత్వం ఆ పొడికీ పార్కిన్సన్స్‌కీ సంబంధం ఒప్పుకుని పరిహారం లిస్టులో చేర్చింది. ఎన్నేళ్ళ తర్వాతో లెక్కేసుకోండి.

పులివెందుల_అక్క:

మాకు దగ్గర్లోనే తుమ్మలపల్లె, అక్కడ యురేనియం తవ్వుతున్నారు. యురేనియం తీశాక మిగిలిన వ్యర్థాలు పోసే టెయిలింగ్ పాండ్ వల్ల బోరు నీళ్ళు పాడయ్యాయని చుట్టుపక్కల ఊళ్ళ రైతులు ఏళ్ళ తరబడి మొత్తుకుంటున్నారు. అందుకని అడుగుతున్నా సత్యం గారూ, అక్కడ ఆ చెత్తంతా ఏం చేశారు? టన్నుకి రెండు పౌన్లు తీస్తే మిగతా టన్ను ఎక్కడికి పోయింది?

సడ్‌బరీ_సత్యం:

అక్కా, సరైన చోట పట్టుకున్నారు. మిగతా టన్ను అక్కడే ఉంది. ఊరి చుట్టూ ఉన్న లోయల్లో, పాత సరస్సుల్లో పోశారు. మొదట్లో పెద్ద అడ్డూ అదుపూ లేదు, సర్పెంట్ నది పొడవునా రేడియమ్, ఆమ్లం దిగాయి. ఆ నది చివర, హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఉన్నది సర్పెంట్ రివర్ ఫస్ట్ నేషన్ అనే ఆదివాసీల నేల. రాయి నుంచి యురేనియం తీసే మిల్లులకి కావాల్సిన ఆమ్లం తయారుచేసే ఫ్యాక్టరీ కూడా 1950ల్లో తెచ్చి వాళ్ళ నేలమీదే పెట్టారు, కొన్నాళ్ళకి మూసేసి పసుపు పచ్చ గంధకపు మట్టి వదిలిపోయారు. ఊళ్ళోకి జీతాలు వచ్చాయి, వాళ్ళకి పాడైన నీళ్ళు వచ్చాయి. ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది ఆ పేజీ తిప్పేస్తారు.

ఇప్పుడు చేస్తున్నదేంటంటే, ఆ చెత్తలో పైరైట్ ఉంది కదా, గాలి తగిలితే మళ్ళీ ఆమ్లం. అందుకని చాలాచోట్ల కట్టలు కట్టి దాన్ని నీళ్ళ కింద ముంచేశారు, గాలి అందదు కాబట్టి ప్రతిచర్య మందగిస్తుంది. బయటికి వచ్చే నీటిని శుద్ధి చేసి పరీక్షించి వదులుతారు. చూడటానికి మామూలు చెరువులాగే ఉంటుంది, బోర్డు చదివితేనే తెలుస్తుంది. ఆ కట్టలు, ఆ నీటిమట్టం ఎప్పటికీ కాపలా కాయాల్సిందే. వంద సంవత్సరాల తర్వాత కూడా ఎవడో ఒకడు వెళ్ళి కట్ట చూసి రావాలి.

నార్త్‌బే_లక్ష్మి:

చరిత్ర బానే ఉంది, బాబాయి గారి సంగతికి వద్దాం. ఊరు వయసైపోతే ఏమవుతుందో 2012 జూన్ 23న అందరికీ తెలిసింది. ఊరి మధ్యలో ఒకటే మాల్, 1980లో కట్టినది, పైకప్పు మీదే కార్ల పార్కింగ్. మొదటి ఏడాది నుంచే కారడం మొదలు. లోపలున్న లైబ్రరీలో పుస్తకాల మీద పట్టాలు కప్పి, కింద బకెట్లు పెట్టుకుని నడిపారు. చలికాలంలో కార్లతో వచ్చే రోడ్డు ఉప్పు కలిసిన నీళ్ళు ముప్పై ఏళ్ళు దిగి ఉక్కు దూలం అతుకుని తినేస్తే ఓ శనివారం మధ్యాహ్నం కప్పు కూలి ఇద్దరు చనిపోయారు. వెతకడం ప్రమాదమని మధ్యలో ఆపేస్తే ఊరు ఊరంతా రోడ్డెక్కింది, అప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. విచారణ చేసిన జస్టిస్ బెలాంజే 2014 రిపోర్టులో యజమానుల నుంచి ఇంజనీర్లు, మునిసిపాలిటీ దాకా ఎవర్నీ వదల్లేదు. ఆ ఊళ్ళో మాల్ అంటే షాపింగ్ ఒక్కటే కాదు, మంచు కాలంలో పెద్దవాళ్ళు నడిచేది, కాఫీ తాగేది, నలుగురు కలిసేది అక్కడే.

డాక్టర్ల సంగతి కనుక్కోమనండి. ఆసుపత్రి ఉంది, కానీ స్పెషలిస్టు అంటే సడ్‌బరీ, ఒకవైపే దాదాపు రెండు గంటలు, జనవరిలో రోడ్డు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. డెబ్బైలో డ్రైవింగ్ చేస్తారు, ఎనభైలో? కరివేపాకు, ఇడ్లీ బియ్యం సంగతి పిన్ని గారినే అడగండి, నేను నోరు మూసుకుంటా 😄

బ్రాంప్టన్_బాబు:

అందరికీ చాలా థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. మొత్తం పిన్నికి చదివి వినిపించాను. కరివేపాకు దగ్గర మాత్రం ఆమె గెలిచినట్టు బాబాయి ఒప్పుకున్నారు. అయినా వేసవిలో నెల రోజులు అద్దెకి ఉండి చూసొస్తామంటున్నారు. ఇంటి లోపల రేడియేషన్ సంగతేంటి? పిన్ని అసలు భయం అదే.

సడ్‌బరీ_సత్యం:

వేసవిలో కాదు, ఫిబ్రవరిలో నెల ఉండమను, అప్పుడు తెలుస్తుంది.

రేడియేషన్ గురించి: 1970ల్లోనే అక్కడ కొన్ని ఇళ్ళలో రేడాన్ ఎక్కువ ఉందని తేలి మరమ్మతులు చేశారు. కొన్ని ఇళ్ళ కింద గని రాళ్ళే నింపుడుకి వాడారు, దానిమీద ఇంటివాళ్ళు ఈ మధ్య కోర్టు దాకా వెళ్ళారు. అలాగని ప్రతి ఇల్లూ అంతే అనుకోకూడదు, ఇంటికీ ఇంటికీ తేడా. కాబట్టి ఆ వీధిలో అందరూ బాగానే ఉన్నారు అనే మాట వినకండి, ఆ ఇంటికే టెస్టు పెట్టించండి. హెల్త్ కెనడా చెప్పే పరిమితి ఘనపు మీటరు గాలికి 200 బెక్వెరెల్స్ (రేడియోధార్మికత కొలిచే యూనిట్). కిట్ చలికాలంలో, కిటికీలు మూసి ఉండే రోజుల్లో, జనం ఎక్కువగా ఉండే కింది అంతస్తు గదిలో కనీసం 91 రోజులు ఉంచాలి. ఇల్లు కొనే హడావుడిలో అన్ని రోజులు ఎవరూ ఆగరు కాబట్టి, రిజల్ట్ వచ్చేదాకా కొంత డబ్బు ఆపి ఉంచే షరతు ఆఫర్‌లో పెట్టొచ్చేమో లాయర్‌ని అడగండి. ఎక్కువ వచ్చినా ఫ్లోర్ కింద పైపు వేసి ఫ్యానుతో గ్యాసు బయటికి లాగే పద్ధతి ఉంది, ఎక్కువ శాతం ఇళ్ళలో దాంతో దిగుతుంది. నింపుడు కింద ఏం పోశారో మాత్రం అమ్మేవాళ్ళని రాతపూర్వకంగా అడగమను.