అమ్మానాన్నలకి గ్రాండ్ కాన్యన్: సౌత్ రిమ్మా, వెస్ట్ రిమ్మా?

కొత్తగూడెం_బిడ్డ:
డిసెంబర్ మూడో వారంలో అమ్మానాన్నలతో లాస్ వెగాస్ వెళ్తున్నాం. ఇద్దరూ విజిటర్ వీసా మీద వచ్చారు. నాన్నకి 68, మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేరు. గ్రాండ్ కాన్యన్‌కి ఒక్కరోజే ఉంది. సౌత్ రిమ్‌కి (లోయ దక్షిణపు అంచు) వెళ్లాలా, వెస్ట్ రిమ్ (పడమటి అంచు) సరిపోతుందా?

ఎడారిబాట:
సౌత్ రిమ్. రెండో మాట లేదు. వెస్ట్ రిమ్ నేషనల్ పార్కులోదే కాదు. పార్కు పాస్ అక్కడ చెల్లదు. లోపలికి ఒక టికెట్, గాజు వంతెన ఎక్కాలంటే ఇంకో టికెట్. ఆ స్కైవాక్ అయినా పక్క లోయ మీద ఉంది, నది ఓ మూలన దూరంగా కనిపిస్తుంది. సౌత్ రిమ్‌లో మాథర్ పాయింట్ దగ్గర నిలబడితే ఎదుటి గట్టు పది మైళ్ల అవతల. గండికోట చూసిన పెద్దవాళ్లు వెస్ట్ రిమ్ చూసి "ఇదీ అంతేగా" అంటారు.

పెన్నాతీరం:
గండికోట లోయ లోతు సుమారు 300 అడుగులు. వెస్ట్ రిమ్ దగ్గర వేల అడుగులు. పోలిక ఎక్కడిదండీ? ఆయన అడిగింది ఒక్కరోజు గురించి. వెగాస్ నుంచి సౌత్ రిమ్ 280 మైళ్లు, ఆగకుండా పోతే నాలుగున్నర గంటలు. వెస్ట్ రిమ్ 130 మైళ్లు, రెండున్నర గంటలు. డిసెంబర్‌లో లోయ ఉన్న ఆరిజోనా గడియారం వెగాస్ ఉన్న నెవాడా కంటే గంట ముందుంటుంది. ఉదయం 7కి బయల్దేరి, కింగ్‌మన్‌లో గ్యాస్‌కీ బాత్రూమ్‌కీ అరగంట ఆగితే, పార్కు గేటు చేరేసరికి అక్కడి టైం 1. ఐదుంపావుకల్లా పొద్దుగూకుతుంది. తిరుగు ప్రయాణమంతా చీకట్లోనే. పైన ఎత్తు 7,000 అడుగులు, మంచు పడితే 64వ నంబరు రోడ్డు జారుతుంది. వెస్ట్ రిమ్‌దీ అదే గడియారం, అయినా పగలు మిగులుతుంది.

ఎడారిబాట:
పోయేటప్పుడు పోయిన గంట వచ్చేటప్పుడు తిరిగొస్తుందిగా!

పెన్నాతీరం:
గంట వస్తుందండీ, వెలుతురు రాదు.

సాగర్‌కట్ట:
గడియారం గొడవ ఆపి రుసుము సంగతి చెప్పండి ముందు. 2026 జనవరి నుంచి అమెరికా నివాసులు కాని 16 ఏళ్లు దాటినవాళ్లకి 11 పార్కుల్లో తలకి 100 డాలర్లు అదనం. గ్రాండ్ కాన్యన్ అందులో ఉంది. మీ దగ్గరున్న పాస్ అమ్మానాన్నలకి వర్తిస్తుందో లేదో పార్కు సైట్‌లో చూసుకునే బయల్దేరండి.

ఎడారిబాట:
మోకాళ్ల మాట ఎవరూ పట్టించుకోవట్లేదు. హెర్మిట్ రోడ్డు 7 మైళ్లు. మార్చి నుంచి నవంబర్ దాకా సొంత కార్లని రానివ్వరు, షటిల్ బస్సే. డిసెంబర్, జనవరి, ఫిబ్రవరి మాత్రం మన కారు పోనిస్తారు. హోపీ పాయింట్, పిమా పాయింట్ దగ్గర కారు దిగి కాస్త నడిస్తే రెయిలింగ్. విజిటర్ సెంటర్ నుంచి మాథర్ పాయింట్‌కి వీల్‌చైర్ పోయే బాట ఉంది. వెస్ట్ రిమ్‌లోనో? కారు టెర్మినల్ దగ్గర వదిలేయాలి, ఈగల్ పాయింట్‌కి బస్సు, గ్వానో పాయింట్‌కి మళ్లీ బస్సు. ఎక్కడం, దిగడం. డబ్బు గుంజడానికి కట్టిన గాజు ముక్క కోసం ఇంత అవస్థ ఎందుకు?

పెన్నాతీరం:
డబ్బు గుంజడం అనకండి. అది హువాలపాయ్ తెగ నేల, 1883 నుంచి వాళ్ల రిజర్వేషన్, అంటే తెగకి కేటాయించిన ప్రాంతం. ఆ టికెట్ల మీదే వాళ్లకి ఉద్యోగాలు. మీరు అసలుదంటున్న పార్కు 1919లో గీసిన గీత. ఆ గీతలో హవసుపాయ్ అనే మరో తెగ నేల పోయింది, 1975లో గానీ 1,85,000 ఎకరాలు తిరిగి దక్కలేదు. లోయ పొడవు 277 మైళ్లు. గీత దాటగానే నకిలీది అయిపోదు.

ఎడారిబాట:
ఆ మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నాను. నా బాధ వేరు. ఆరు నెలలకని వచ్చిన పెద్దవాళ్లకి మన సెలవుకి సరిపోయిందేదో చూపించి, అమెరికా చూపించేశాం అనుకుంటాం. మళ్లీ వీసా, మళ్లీ అంత దూరం విమానం. ఆ మోకాళ్లతో ఇంకోసారి వస్తారా? ఇంకో రోజు సెలవు పెట్టాలి.

పెన్నాతీరం:
ఇదే ముందు అనుంటే ఇంత దూరం వచ్చేది కాదు. గొప్పది చూపించాలని మీరంటున్నారు. తొమ్మిది గంటలు కారులో కూర్చోవడం వాళ్లకి ఇష్టమో కాదో అడగమని నేనంటున్నాను. పిల్లలు ఖర్చు పెట్టారని పెద్దవాళ్లు నొప్పి బయటికి చెప్పరు. మాటిమాటికీ కారు ఆపమనాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. ఇంకో రోజు దొరికితే నాదీ సౌత్ రిమ్మే. విలియమ్స్‌లో రాత్రి ఉండండి, అక్కణ్ణుంచి రిమ్ 60 మైళ్లే. కారు వద్దనుకుంటే 1901లో వేసిన లైను మీద రైలుంది, రెండుంబావు గంటలు, లేచి నాలుగడుగులు వేయొచ్చు. ఒక్కరోజే అయితే మాత్రం వెస్ట్ రిమ్.

సాగర్‌కట్ట:
ఎటు వెళ్లినా దారిలో హూవర్ డ్యామ్ వస్తుంది. 726 అడుగుల ఎత్తు. నాగార్జునసాగర్ చూసినవాళ్లు అక్కణ్ణుంచి త్వరగా కదలరు, ఆ టైం కూడా కలుపుకోండి.

కొత్తగూడెం_బిడ్డ:
ఇప్పుడే అడిగాను. నాన్న "మీ ఇష్టం" అన్నారు. అమ్మ కారులో ఎన్ని గంటలని అడిగింది.

ఎడారిబాట:
ఉన్నదున్నట్టు చెప్పండి. మొదటి రోజు విలియమ్స్ దాకా మూడున్నర, రెండో రోజు పొద్దున గంట, తిరిగి వెగాస్‌కి నాలుగున్నర. అది విని అమ్మగారు ఏమన్నా దానికే టికెట్లు తీయండి.