'పోతరాజొకఁడు'ల ఆ ఒకఁడు అంటే ఏంది?

హన్మకొండ సార్: అందరికీ నమస్తే. మొన్నటిసంది ఒక్క మాట సతాయిస్తున్నది. పిల్లలకు లాబీయింగ్ మీద, అంటే సర్కారు నిర్ణయాలను తమ దిక్కు తిప్పుకునే ధంధా మీద, క్లాస్ చెప్పాలె, అండ్ల సెల్ఫ్ రెగ్యులేషన్, అంటే ఆ ధంధాల ఉన్నోళ్లు వాళ్ల నీతి నియమాలు వాళ్లే రాసుకొని వాళ్లే కాపలా కాసుకునుడు. భాగవతాన్ని ఈ అధమ రాజులకు ఇయ్యక శ్రీహరికే ఇచ్చిన అని పోతన చెప్పిన పద్యం 'ఇమ్మనుజేశ్వరాధముల'తోని షురూ చేద్దామనుకున్న, మన జిల్లాల పుట్టి ఇంకో పద్యం ఎందుకు వెతకాలె. మూడు పాదాలు గడగడ వస్తున్నయి, నాలుగోది 'బమ్మెర పోతరాజొకఁడు భాగవతంబు జగద్ధితంబుగన్', అండ్ల 'బమ్మెర పోతరాజు' కాడ ఆగుతున్న. మా నాయనమ్మ 'పోతరాజిటుల' అని పాడేది, పుస్తకంల 'పోతరాజొకఁడు' ఉన్నది. సరే ఒకఁడే అనుకుందాం, మరి ఎవడో ఒక పోతరాజు అనా, పోతరాజు ఒక్కడే అనా?

యతిమైత్రి: ఇటుల అన్నా ఒకఁడు అన్నా 'జొకఁడు', 'జిటుల' మూడు లఘువులే సార్, నగణం చెడదు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి నడుమ జత కుదిరే అక్షరం, బ-కు భా, అది దాని తర్వాత పడ్డది. ఛందస్సు ఇక్కడ సాక్ష్యం చెప్పదు. కానీ ఇటుల అచ్చుల నేను చూడలే. నాయనమ్మలు పాడిన పాఠాంతరాలకు ఇంకో ప్రెస్ పెట్టాలె.

పాలకుర్తి రోడ్డు: ఇది వినయం సార్, ఇంత దూరం ఎందుకు పోవుడు. మూడో పాదం చివర్ల 'చెప్పె' అన్నడు, చెప్పితిని అనలే. తనను తాను పక్కకు పెట్టి, గీ బమ్మెరోడు ఎవడో ఉన్నడు, వాడు చెప్పిండు అన్నట్టు. మా దిక్కు ముసలోళ్లు ఇప్పటికీ గట్లనే మాట్లాడ్తరు.

కాజీపేట అక్క: వినయమా! మొదటి పాదంలనే రాజులను పట్టుకొని అధములు అన్నోడు నాలుగో పాదానికి వచ్చేసరికి వంగి దండం పెడ్తడా? ఊళ్లు, బండ్లు, సొమ్ములు పుచ్చుకొని చొక్కినోళ్లంతా యముని సమ్మెట దెబ్బలు తింటరు, నేనొక్కన్నే తప్పించుకున్న అంటున్నడు. ఒకఁడు అంటే ఒక్కడే.

యతిమైత్రి: చొక్కి కాదక్కా, సొక్కి. సొమ్ములు-సొక్కి, యతి ఎంత ముద్దుగ కూసున్నదో చూడు.

కాజీపేట అక్క: సకు చకు మైత్రి ఉన్నది తమ్మీ, నీ పేరే అది గదా. చొక్కుపొడి అన్న మాట ఊకెనే పుట్టలే, మత్తు మందు అది. తీస్కున్నోనికి తాను అమ్ముడు పోయిన సంగతి గూడ తెల్వది, పోతన మాట అదే.

హన్మకొండ సార్: అక్క మాట ప్రకారం ఒక్కడే అయితే నా క్లాస్‌కు మంచిగ కుదురుతది, కుదిరి నాకే ఇబ్బంది పెడ్తది. బ్రిటన్‌ల 1994ల పైసలు తీస్కొని పార్లమెంటుల ప్రశ్నలు అడిగిన గొడవ బయటపడ్డది, గార్డియన్ పేపర్ రాసింది. ఆ ఏడే కొన్ని లాబీయింగ్ కంపెనీలు కలిసి ఒక సంఘం పెట్టుకున్నయి, ఎంపీలకు పైసలు ఇయ్యొద్దు, క్లయింట్ల పేర్లు రిజిస్టర్ల చూపియ్యాలె అని నియమాలు రాసుకున్నయి. మంచిదే. కానీ చేరుడు ఎవని ఇష్టం వానిది, చేరనోన్ని అడిగెటోడు లేడు. 2009ల కామన్స్ సభ కమిటీ ఇట్ల నడవది, చట్టంతోని రిజిస్టర్ పెట్టుర్రి అన్నది. 2014ల చట్టం తెచ్చిర్రు, అది గూడ బయటి కన్సల్టెంట్లకే, కంపెనీల్ల నెల జీతానికి ఇదే పని చేసెటోళ్లకు వర్తించదు. పోతరాజు ఒకఁడు నిలబడ్డడు, మిగతా ఆస్థానం సంగతేంది అన్నదే నా ప్రశ్న.

ధర్మపురి నుంచి: సార్, బ్రిటన్‌ల పీఆర్ కంపెనీ, అంటే పైసలు తీస్కొని ప్రచారం చేసి పెట్టే కంపెనీ, బెల్ పాటింజర్ ముచ్చట మర్చిపోయిర్రా. 2017 సెప్టెంబర్‌ల దాన్ని అక్కడి పీఆర్ సంఘం వెళ్లగొట్టింది, సౌత్ ఆఫ్రికాల గుప్తాలనే వ్యాపార కుటుంబం కోసం జాతుల మధ్య చిచ్చు పెట్టే ప్రచారం చేసినందుకు. అదే నెలల కంపెనీ మూత పడ్డది. సొంత సంఘానికి గూడ సమ్మెట ఉన్నట్టే గదా. ఇంక పద్యం అంటరా, నరసింహ శతకం రాసిన మా శేషప్ప 'తల్లి గర్భమునుండి ధనము తేఁడెవ్వఁడు' అని చెప్పినంక ఇంకేం కావాలె, ఈ ఒకఁడు ఎవడన్న పంచాయితీ గూడ ఉండదు.

హన్మకొండ సార్: ఫిర్యాదు చేసింది సౌత్ ఆఫ్రికాల అప్పటి ప్రతిపక్ష పార్టీ, సంఘం తనంతల తాను కనిపెట్టలే. అప్పటికే పేపర్లల్ల పరువు పోయింది. ఎవలూ ఫిర్యాదు చెయ్యకపోతే ఏమైతుండె?

పాలకుర్తి రోడ్డు: ధర్మపురి అన్నకు శేషప్పను తేకుంటే ముద్ద దిగదు.

కరీంనగర్ బస్టాండ్: ఈ లాబీయింగ్ లాబీయింగ్ ఏంది సార్, పైరవీ అనుర్రి, పిల్లలకు ఒక్క ముక్కల అర్థమైతది. పై-వాళ్ల దగ్గరికి పోయి పని చేయించుకునుడు కాబట్టి పైరవీ, అచ్చ తెలుగు మాట.

యతిమైత్రి: అయ్యో! ఫారసీ మాట అన్నా అది. పై అంటే అడుగు, రవీ అంటే పోవుడు, వెంబడి తిరుగుడు. నిజాం జమానాల కోర్టు కేసు వెంబడి తిరిగినా పైరవీయే, అండ్ల తప్పేం లేకుండె. తర్వాత చెడ్డది ఆ మాట.

కరీంనగర్ బస్టాండ్: వెంబడి అన్నా పైన అన్నా పోయేది పైకే గదా. నా థియరీ నేను ఇడువ.

కాజీపేట అక్క: ఇండ్ల చిన్న తేడా ఉన్నది సార్, పిల్లలకు చెప్పుర్రి. తహసీల్ ఆఫీసు ముంగట జిరాక్స్ సెంటర్ల కూసుంటడు చూడుర్రి, ప్లాస్టిక్ కవర్ల పది మంది పాస్‌బుక్కులు, చెవు మీద పెన్ను, ఎవలిది ఏ టేబుల్ కాడ ఆగిందో నోటికి చెప్తడు. వాడు పైరవీకారు, ఒక్కొక్కని పని చేయించి పెడ్తడు. లాబీయిస్టు అట్ల కాదు, పనికి అడ్డమొచ్చే రూలునే మార్పిస్తడు.

హన్మకొండ సార్: ఇది నా నోట్సుల రాసుకున్న అక్కా. పేరు సంగతి వచ్చింది కాబట్టి ఇంకొకటి, అమెరికాల లాబీయిస్టుల సంఘం 2013ల తన పేరుల నుంచి లాబీయిస్ట్ అన్న ముక్కనే తీసేసి ప్రభుత్వ సంబంధాల నిపుణులు అన్నట్టు పెట్టుకున్నది. మన పైరవీకారు విజిటింగ్ కార్డు మీద సంఘ సేవకుడు అని కొట్టిచ్చుకున్నట్టు.

కరీంనగర్ బస్టాండ్: మన దగ్గర చట్టం ఏమన్న ఉన్నదా సార్?

హన్మకొండ సార్: లాబీయిస్టులు రిజిస్టర్ చేసుకోవాలె, ఇంత ఖర్చు పెట్టినం అని చూపియ్యాలె అనే చట్టం లేదు. లంచం అయితే అవినీతి నిరోధక చట్టం కిందికి వస్తది, అంతే. 2012ల వాల్‌మార్ట్ లాబీయింగ్ ఖర్చుల మీద మన పార్లమెంటుల ఎంత లొల్లి అయ్యింది, ఆ సంగతి మనకు తెలిసింది అమెరికాల వాళ్లు ఇచ్చిన లెక్కల కాగితాల నుంచే, అక్కడ 1995 చట్టం ప్రకారం ఇయ్యాలె కాబట్టి. మన నుంచి మనకు తెల్వలే.

ధర్మపురి నుంచి: మళ్ల పోతన కాడికి వస్త. ఒకఁడు, ఒక్కడే అని ఎగురుతున్నరు గని, భోగినీదండకం సంగతేంది? రాజు సర్వజ్ఞ సింగభూపాలుని భోగిని, అంటే ఉంపుడుగత్తె, మీద ఆయనే రాసిండంటరు గదా. ముందు దర్బారు, తర్వాత శ్రీహరి.

కాజీపేట అక్క: అది పోతనది కాదన్నోళ్లు గూడ మస్తుమంది ఉన్నరు. ఒకవేళ అయితే ఏంది, వయసుల రాసిండు.

హన్మకొండ సార్: అయితే దాన్ని కూలింగ్ ఆఫ్ అనుకోవాలె. అమెరికాల 2007 చట్టం సెనేటర్లకు దిగిపోయినంక రెండేండ్లు లాబీయింగ్ చెయ్యొద్దన్నది, కింది సభోళ్లకు ఒక్క ఏడే. పోతన ఉల్టా, రాజు దగ్గరి నుంచి బయటికొచ్చి మళ్ల ఆ గుమ్మం తొక్కలే.

యతిమైత్రి: సొంత నియమావళి కావాలంటే, నిన్ను రాజులకు అమ్ముకోనని పోతన సరస్వతికి మాట ఇచ్చిన 'కాటుక కంటినీరు' చాటువు, అంటే విడి పద్యం, పెట్టుర్రి సార్. కర్ణాట కిరాట కీచకులకు అమ్మ, త్రిశుద్ధిగ నమ్ము భారతీ. అమ్మ అంటే అమ్ముకోను అని, తల్లీ అని గూడ వినపడ్తది. ఆ ఒక్క అక్షరం మీద రాత్రంతా మాట్లాడొచ్చు. సంతకం పెట్టిన కోడ్ అంటే అదీ.

పాలకుర్తి రోడ్డు: చాటువు పోతనదే అని ఏంది గ్యారంటీ?

కడప మనవడు: ఇంతసేపు చూస్తా ఉండా. బమ్మెర ఇంటిపేరు సామీ, ఊరు ఒంటిమిట్ట.

పాలకుర్తి రోడ్డు: వచ్చిండు! అన్నా, మా ఊరి పొంటి రా, పోతన దున్నిన చెలక చూపిస్త.

కాజీపేట అక్క: ఇగ ఇది తెల్లార్లు నడుస్తది.

హన్మకొండ సార్: అరె ఊరు తర్వాత, నా ఒకఁడు తేల్చుర్రి, రేపు పొద్దుగాల క్లాసు ఉన్నది.

యతిమైత్రి: బోర్డు మీద రెండర్థాలూ రాసి పిల్లలనే అడుగుర్రి సార్. గని ఒకఁడుల అరసున్న మాత్రం ఇడువొద్దు.

హన్మకొండ సార్: ఆ అరసున్న నా ఫోన్ల ఎక్కడున్నదో చెప్పు ముందుగాల. ఇంతసేపు పుస్తకం పీడీఎఫ్‌ల నుంచి కాపీ కొట్టి పెడ్తున్న.