పారాసైట్ అనిమే: నేల మీద పడి ఉన్న గోటోను షినిచి చంపాల్సిందేనా? (స్పాయిలర్లు ఉన్నాయి)

రాత్రిపిట్ట:
జపాన్ స్టూడియో మ్యాడ్‌హౌస్ వాళ్ళు 2014-15లో తీసిన 24 ఎపిసోడ్ల యానిమేషన్ సిరీస్ గురించి అడుగుతున్నా. ఆస్కార్ గెలిచిన కొరియన్ సినిమా కాదు. చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

కథలో మనుషుల ఒంట్లో దూరి మనుషులనే తినే పరాన్నజీవులుంటాయి. అలాంటివి ఒకే ఒంట్లో ఐదున్న గోటో, అడవిలో ఎవరో పారబోసిన చెత్తలోని తుప్పు కడ్డీ దెబ్బకు కుప్పకూలతాడు. కడ్డీకున్న విషం వల్ల మిగతా పరాన్నజీవులు తలగా ఉన్న పరాన్నజీవి మాట వినడం మానేస్తాయి, ఒళ్ళు ముక్కలైపోతుంది. ఆ ముక్కలు మళ్ళీ అతుక్కోవాలని చూస్తుంటే హీరో షినిచి కుడిచేతిలో ఉండే పరాన్నజీవి మిగీ, నిర్ణయాన్ని అతనికే వదిలేస్తుంది. షినిచి ముందు వదిలేసి నడుస్తాడు, తర్వాత వెనక్కొచ్చి ఏడుస్తూ చంపేస్తాడు. నాకది అస్సలు నచ్చలేదు. ఎదురు తిరగలేని స్థితిలో ఉన్న జీవిని చంపడమే కదా? ఆకలేస్తే తినడం దాని తప్పా?

చిట్టిబాబు_వైజాగ్:
గురూ, అదే అడవి పక్కన ఊరుంది. షినిచికి అన్నం పెట్టి ఇంట్లో చోటిచ్చిన మిట్సుయో బామ్మ ఉండేది అక్కడే. గోటో లేస్తే ముందు వెళ్ళేది ఆ ఊళ్ళోకే. పైగా వాడిది ఆకలి ఒక్కటే కాదు, పోట్లాట కోసమే బతికే రకం. సిటీ హాల్లో అన్ని తుపాకులున్న సైనికులను ఏం చేశాడో చూశాం కదా. జాలి పడటానికి ఇంకెవరూ దొరకలేదా నీకు?

రాత్రిపిట్ట:
మరి మేయర్ హిరోకావా మాట? భూమికి అసలు పరాన్నజీవులు మనుషులే అన్నాడు. చివరికి గోటోను పడగొట్టింది కూడా మనుషులు పోసిన విషపు చెత్తే. కథ ఎవరి వైపుందో తెలియడం లేదా?

సుభద్ర గారి అమ్మాయి:
హిరోకావా మనిషేనండీ, అది మర్చిపోతున్నారు. పరాన్నజీవుల తరఫున ప్రకృతి గురించి ఉపన్యాసం ఇచ్చింది ఒక మనిషి. అది వినే ఓపిక కూడా గోటోకు ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఈ అనిమేకు మూలమైన మాంగాను (జపాన్ కామిక్) హితోషి ఇవాకి మొదలుపెట్టింది 1980ల చివర్లో. అనిమేలో స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి గానీ వాదన అప్పటిదే. ఆ వాదనను ఇవాకి మేయర్ నోట పెట్టాడు, అంతమాత్రాన కథ తీర్పు అదే అనుకోనక్కర్లేదు.

షినిచి వదిలేసి నడిచింది కూడా సరిగ్గా అలాంటి ఆలోచనతోనే. ఈ జీవికి బతికే హక్కు లేదని తేల్చడానికి నేనెవరిని అనుకుంటాడు. అది వినడానికి చాలా గొప్పగా ఉంటుంది, కానీ ఆ గొప్పతనానికి మూల్యం చెల్లించేది ఆ ఊరివాళ్ళు. తను కాపాడుకోగలిగింది తన చుట్టూ ఉన్న కొద్దిమందినే అని గుర్తొచ్చి వెనక్కొస్తాడు. నాకు ఈ సీన్ నచ్చేది అందుకే. న్యాయం అనడు, ధర్మం అనడు. నీ తప్పేం లేదని ఒప్పుకుంటూనే, క్షమాపణ చెప్పి మరీ కొడతాడు. చంపడం స్వార్థమే, ఆ సంగతి వాడికీ తెలుసు. అది దాచిపెట్టి హీరోయిజం చేసుంటే నేను మీ వైపే ఉండేదాన్ని.

చిట్టిబాబు_వైజాగ్:
అక్కా, సూపర్. నేను ఊరి లెక్క ఒక్కటే చూశా.

రాత్రిపిట్ట:
సరే, ఇంకో పరాన్నజీవి రేకో తమురా సంగతి చెప్పండి. ఆవిడా మనుషులను తిన్నదే. పార్కులో పోలీసులు కాలుస్తుంటే ఎదురు తిరగకుండా బిడ్డను షినిచి చేతిలో పెట్టి చనిపోయింది. పరాన్నజీవులు మారగలవని అంతకంటే రుజువేం కావాలి? గోటోకు ఆ అవకాశం ఎందుకివ్వలేదు?

సుభద్ర గారి అమ్మాయి:
రేకో ముందునుంచీ నేనెందుకు పుట్టానని అడుగుతూనే ఉంది. చదివింది, కాలేజీలో క్లాసులు విన్నది, బిడ్డను కన్నది. గోటోలో అలాంటి ప్రశ్న ఒక్కటైనా చూపించండి.

రాత్రిపిట్ట:
ప్రశ్నలు అడిగేవాళ్ళకేనా ప్రాణం విలువ? మరి మనుషులను వరసగా చంపిన ఉరగామి? ఆఖరి ఎపిసోడ్లో షినిచి ప్రేమించిన మురానో మెడ మీద కత్తి పెట్టినా షినిచి వాడిని గుద్ది పడేశాడంతే. మనిషైతే గుద్దు, పరాన్నజీవి అయితే చావా?

చిట్టిబాబు_వైజాగ్:
ఉరగామికి జైలుంది బ్రో. గోటోను ఏ జైల్లో పెడతావు?