సమస్యాపూరణం: ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం:

*ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె*

పెళ్లి, నదీసంగమం, జీవాత్మ-పరమాత్మ వద్దు. అవి మనవాళ్లు ఎప్పుడో అరగదీశారు. గేమింగ్ కంప్యూటర్‌లో రెండో గ్రాఫిక్స్ కార్డు (తెర మీది బొమ్మలు గీసే భాగం) పెట్టడం మీదే పూరించాలి. పాదాల మధ్య విసంధి (సంధి చేయకుండా వదలడం) చెల్లుతుంది. యతి మాత్రం వదలను.

తీగలచిక్కు:

కార్డు పక్క మరొక కార్డు బిగించితి
ఎనిమి దెనిమి దనుచు నెంచి మురిసి
ఆట తెరిచి చూడ నదె యెనిమిది జీబి
ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె

నిర్వాహకుడు: మొదటి బంతికే సిక్సరు! ఎనిమిదీ ఎనిమిదీ పదహారని మురిసిపోని వాళ్లు మనలో ఎవరు? రెండు కార్డులూ ఒకే ఆట గీయాలంటే ఒకే బొమ్మల సామగ్రి రెండింటి మెమరీలోనూ ఉండాలి. అందుకే ఆటకు దక్కేది ఎనిమిదే. 'జీబీ'ని 'జీబి' చేయడం గణం కోసమని తెలుస్తూనే ఉంది, సలం కావాలి కదా. పద్యం ఇంత హాయిగా నడిచాక ఆ దీర్ఘం కోసం పేచీ పెట్టను.

పాతబోర్డు:

బేసివేమొ దీనివే, సరి దానివే
తెరకు వచ్చు వేళ తీరు మారె
అంకె నూరు చూపె, నందులో కంటికి
ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె

తీగలచిక్కు: యతి బే-వే, సరే. బేసి అంటే ఏవి? తెర మీది గీతలా, ఫ్రేములా (ఆటలో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పూర్తి బొమ్మలు)? 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వారి వూడూ 2 కార్డులు రెండు కలిపితే తెర మీది గీతలను బేసి, సరి అని పంచుకునేవి. ఆ జోడింపును ఎస్ఎల్ఐ అన్నారు. కార్డుల కంపెనీ ఎన్విడియా 2004లో అవే పొడి అక్షరాలతో తన జోడింపు తెచ్చాక ఎక్కువగా ఫ్రేముల వంతులాటే నడిచింది, ఒక ఫ్రేము ఒక కార్డుది, తర్వాతిది రెండోదానిది.

పాతబోర్డు: ఫ్రేములేనండీ. గీతలైతే ఒకే ఫ్రేము ఇద్దరిదీ, మూడో పాదానికి చోటే ఉండదు. నేను చెప్పింది మైక్రో స్టటరింగ్ సంగతి. రెండు ఫ్రేములు ఒకదాని వెనకే ఒకటి తోసుకుని వస్తాయి, ఆ తర్వాత ఖాళీ. మళ్లీ రెండు, మళ్లీ ఖాళీ. తెర మూలన ఉన్న అంకె సెకనుకు 100 ఫ్రేములు అంటుంది, కంటికి మాత్రం 50 లాగే కుదుపు. జంటగా వచ్చిన రెండూ ఒకటిగానే లెక్క.

నిర్వాహకుడు: సమస్య ఇచ్చేటప్పుడు నాకే తట్టని అర్థం ఇది. కానీ ఈ వివరణ లేకపోతే రెండో పాదం పొడిగానే ఉంది. 'తీరు మారె' అంటే ఏ తీరు?

చలువపంకా: నాదీ ఒకటి. తిట్టకండి.

పైన కార్డు కింది పంకా సెగ పీల్చె
వేడి పెరిగి పోయి వేగ మణగె
రెండు కార్డు లున్న దండగే పరుగులో
ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె

పాతబోర్డు: తిట్టను గానీ మొదటి పాదం చివర కాలు జారారు. 'పంకాసె' తగణం, బాగుంది. 'గపీల్చె' జగణం అవుతోంది, ఇంద్రగణాల్లో అది లేదు. ఒక్క అక్షరం చేర్చండి: 'పంకాల సెగ పీల్చె'. తగణం, సలం. పై-పం యతి ఎలాగూ చెడదు. మూడో పాదంలో ప్రాసయతి ముచ్చటగా ఉంది. ఇంతకీ రెండు కార్డుల మధ్య సందెంత?

చలువపంకా: వేలు దూరదు.

పాతబోర్డు: ఇంకేం! పైదానికి ఊపిరెక్కడిది? పైగా కరెంటు. ఎన్విడియా 3090 కార్డు ఒక్కోటి 350 వాట్లు, రెండు పెడితే కార్డులకే 700.

బేసిబుర్ర: అందరూ ఏడుపు పద్యాలే రాస్తున్నారు, నేను తిరగేస్తాను.

రెండు గంటలైన రెండరింగు పనిని
చెరొక సగము పంచి చేతికిచ్చి
గంట చూడ నౌర! కాలమే సగమాయె
ఒకటి నొకటి కలియ నొకటె యయ్యె

నిర్వాహకుడు: భేష్! ఒకటె అంటే ఒక్క గంటే. సమస్యను నిందలోంచి మెప్పులోకి తిప్పారు. రెండు-రెండరింగు యతి కావాలనే వేశారని తెలుస్తోంది, ఆ చిలిపితనానికి ఒక మార్కు ఎక్కువ.

తీగలచిక్కు: పద్యానికి వంక లేదు. కానీ గేమింగ్ అడిగితే బ్లెండర్ లాంటి త్రీడీ బొమ్మల సాఫ్ట్‌వేర్ పని తెచ్చారు! అక్కడ పనిని ముక్కలు చేసి పంచొచ్చు, ఒకరి కోసం ఒకరు ఆగక్కర్లేదు. ఆటల్లో అది కుదరకే కదా ఎన్విడియా 2021 నుంచి ఎస్ఎల్ఐకి కొత్త ప్రొఫైళ్లు (ఒక్కో ఆటకు కావలసిన అమరికలు) ఇవ్వడం మానేసింది. వాళ్ల 40 సిరీస్ గేమింగ్ కార్డులకైతే రెండింటినీ కలిపే వంతెన తగిలించే చోటే లేదు.

బేసిబుర్ర: కార్డు గేమింగ్‌దే, పనే వేరు. నిబంధనలో పని గురించి లేదు.

నిర్వాహకుడు: లేదు, ఒప్పుకుంటున్నాను.

చలువపంకా: 'పంకాల' అని దిద్దుకున్నాను, పాతబోర్డు గారూ. పద్యం కుదిరింది. రెండో కార్డు మాత్రం పొద్దున్నే పీకేశాను. పై కార్డు 84 డిగ్రీల నుంచి 71కి దిగింది, ఆటలో ఫ్రేములు దాదాపు అవే.

తీగలచిక్కు: అంటే కలిపినా ఒకటే, తీసినా ఒకటే!

నిర్వాహకుడు: ఆగండి, అది వచ్చే వారం సమస్య. ఇప్పుడే పూరించేయకండి.