ఆరు పళ్ల పుంగనూరు ఆవుకు మూడున్నర లక్షలు: విలువా, వేలంవెర్రా?

పాల్వంచ పెరడు:
పెంపకం కోసం పొట్టి జాతి అయిన పుంగనూరు ఆవును కొనాలని చూస్తున్నాను. చిత్తూరు జిల్లాలో ఒక రైతు దగ్గర ఆరు పళ్ల ఆవు, అంటే సుమారు నాలుగేళ్లది, ఉంది. రెండో చూడి, ఆరో నెల, ఎత్తు ముప్పైఐదు అంగుళాలు. మూడున్నర లక్షలు చెబుతున్నారు. మూడేళ్ల క్రితం ఇదే ఇంటి నుంచి ఇలాంటి ఆవునే మా బంధువు ఒకరు లక్షా పదివేలకు తెచ్చుకున్నారు. ధరలు ఎగబాకుతున్న ఈ రోజుల్లో ఆవు అసలు విలువను ఎలా కట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

లెక్కల మాస్టారు:
ఆవు వెల అంటే అది ఇకముందు ఈనే దూడల వెలలోంచి మేపు ఖర్చు తీసేయగా మిగిలేది. ఇకముందు ఆరు దూడలు ఈనుతుందని, ఈతకూ ఈతకూ పదిహేను నెలల ఎడం అని అనుకుంటే, మొదటిది ఇప్పటికే కడుపులో ఉంది కనుక ఆరింటికి సుమారు ఆరున్నరేళ్లు పడుతుంది. మూడు పెయ్యలు, మూడు కోడెదూడలు అనుకుందాం. పెయ్యకు లక్షా ఇరవై వేలు, కోడెదూడకు యాభై వేలు అనే నేటి ధరే చివరిదాకా నిలిస్తే 5.10 లక్షలు వస్తాయి. మేపుకు రోజుకు వంద రూపాయలు వేసుకున్నా 2.37 లక్షలు పోతాయి. ఇక నేటి ధర మొదటి రెండు దూడలకే దక్కి, తర్వాతి నాలుగూ సగం ధరకు అమ్ముడైతే వచ్చేది 3.40 లక్షలే. పాల మీద డెబ్బై వేలు కలిపినా, మేపు ఖర్చు పోగా ఆ ఆవుకు లక్షా డెబ్బైఐదు వేలు దాటి పెట్టకూడదు. ముసలిదైతే అమ్ముకుందామన్న ఆశ కూడా పెట్టుకోవద్దు. 1977 చట్టం ప్రకారం మన రాష్ట్రంలో గోవధ నిషేధం కనుక, వట్టిపోయిన ఆవును చచ్చేదాకా మేపవలసిందే.

పలమనేరు కొట్టం:
మాస్టారూ, తరగతి గదిలో మీ లెక్క బాగానే ఉంటుంది. పెయ్యలను అమ్మేస్తే ఆరు దూడలే, ఉంచుకుంటే అవీ ఈనుతాయి కదా. 2024 సంక్రాంతికి ప్రధాని తమ ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫొటోలు వచ్చాక హైదరాబాదు, బెంగళూరు విల్లాల వాళ్లు మా కొట్టానికి వచ్చి అడిగినంతా ఇచ్చి పోతున్నారు. కొనేవాడు ఉన్నంతకాలం ధరే విలువ.

లెక్కల మాస్టారు:
పెయ్యలు ఉంచుకుంటే వాటి మేపు కూడా ఉంటుంది, చివరికి వాటి దూడలనూ ఇదే ధరకు అమ్మాలి. ఒక్క ఆశనే రెండుసార్లు లెక్కవేస్తున్నారు.

చొప్పకట్ట:
ముప్పైఐదు అంగుళాలు మూపు దగ్గర కొలిచారా, తల ఎత్తించి కొలిచారా?

గోదారి గట్టు:
బ్రెజిల్లో మన ఒంగోలు జాతి ఆవు నలభై కోట్లు పలికింది. మూడున్నర లక్షలకు ఇంత రాద్ధాంతమా?

లెక్కల మాస్టారు:
ఆ నలభై కోట్లు ఎవరూ చెల్లించలేదు. 2023 వేలంలో అమ్ముడైంది మూడో వంతు వాటా మాత్రమే, దాన్ని మూడుతో గుణించి మొత్తం విలువ చెప్పారు. పైగా అక్కడ ఆవు అండాలను తీసి ప్రయోగశాలలో పిండాలు చేసి అద్దె తల్లుల గర్భంలో పెడతారు. మన ఆవు ఏడాదికి పైగా మోసీ మేసీ ఒక్క దూడను ఇస్తుంది.

చొప్పకట్ట:
ఎత్తు సంగతి ఎవరూ చెప్పడం లేదు. నేను ఎందుకు అడుగుతున్నానంటే, రెండేళ్ల క్రితం ఒక దళారి మాట నమ్మి రెండు లక్షల ఎనభై వేలకు 'అసలు పుంగనూరు' చూడి ఆవును తెచ్చుకున్నాను. అది ఈనిన పెయ్య ఏడాదిన్నరకే నా నడుము దాటింది. తల్లి పొట్టిదే, కట్టించిన ఆబోతు మాత్రం ఏ జాతిదో. 2013 లెక్కలో మూడు వేలు కూడా లేని పుంగనూరు పశువులు 2019 పశుగణన నాటికి పదమూడు వేలు దాటాయి. మూడేళ్లు నిండితే గాని తొలి ఈతకు రాని జాతి, ఆరేళ్లలో నాలుగింతలు ఎలా అవుతుందో పలమనేరువారే చెప్పాలి.

పలమనేరు కొట్టం:
ముందు లెక్కించనివాటిని తర్వాత లెక్కించారు, అంతే. ఊరూరా దొంగలున్నారని మా కొట్టాన్ని అనుమానించకండి. పూటకు రెండు లీటర్లయినా ఇవ్వని ఆవు ఎందుకని ఊరంతా జెర్సీలకు ఎగబడిన రోజుల్లో మా నాన్నగారు ఈ జాతిని వదల్లేదు. అప్పుడు ఒక్కరూ వచ్చి విలువ కట్టలేదు. ఇప్పుడు నాలుగు రూపాయలు వచ్చేసరికి అందరూ లెక్కలు చెబుతున్నారు. మాస్టారూ, మీరు 2019లో రెండు ఆవులను ఒక్కోటి అరవై వేలకు అమ్ముకున్నానని ఇక్కడే రాశారు. ఈ మంట అదే.

లెక్కల మాస్టారు:
అమ్ముకున్నాను, ఏడ్చాను కూడా, దాచుకోను. మీరు నిరుడు అప్పు తెచ్చి ఏడు పెయ్యలను కొన్నారని కూడా ఇక్కడే రాశారు. ధర నిలవకపోతే ఆ వాయిదాలు ఎలా కడతారన్నది మీ మంట. సరే, ఇద్దరి మంటలూ పక్కన పెడదాం. మీ దగ్గర కొన్న విల్లాలవాళ్లలో ఎంతమంది తమ ఆవును మళ్లీ ఎద సమయంలో పుంగనూరు ఆబోతుకు కట్టించారు?

పలమనేరు కొట్టం:
ఇద్దరు ఫోన్ చేసి వీర్యం గొట్టాలు అడిగారు. మిగతావాళ్ల సంగతి నాకెందుకు?

లెక్కల మాస్టారు:
నేను ఇందాకటి నుంచి చెప్పలేకపోయింది ఇదే. వాళ్లు కొంటున్నది వాకిట్లో ముచ్చటకు, ఈతకు కాదు. ఆ ముచ్చట ధరను తెచ్చి ఈతల ఆవు మీద రాసి, పెంపకందారు చేత కట్టిస్తున్నారు. పెంపకందారు ఆ డబ్బు రాబట్టాలంటే తన దూడలను కూడా ముచ్చట పడేవాళ్లకే అమ్మాలి. అలా మంచి పెయ్యలన్నీ కట్టు కొయ్యల పాలైతే జాతి ఎక్కడ మిగులుతుంది?

పలమనేరు కొట్టం:
అయితే ముచ్చట పడి ఇచ్చిన డబ్బును నేను వద్దనాలా? జాతిని కాపాడే బాధ్యత మా నాన్నగారిదీ నాదేనా? పలమనేరు పశు పరిశోధన స్థానం ఉంది, విశ్వవిద్యాలయం ఉంది. నా కొట్టం నడవాలంటే నాకు ధర కావాలి.

గోదారి గట్టు:
ఇంతకీ కొనేవారు ఏమయ్యారు?

పాల్వంచ పెరడు:
ఇక్కడే ఉన్నాను. మాస్టారి ప్రశ్న చదివి అమ్మే రైతుకు ఫోన్ చేసి, ఏ ఆబోతుకు కట్టించారని అడిగాను. "ఊళ్లోదేనండీ" అన్నారు. మా చుట్టుపక్కల పుంగనూరు ఆబోతు ఎక్కడా లేదు, ఇంతవరకు ఆ ఆలోచనే నాకు రాలేదు. పశువైద్యుడితో చూడి పరీక్ష చేయించి, చొప్పకట్ట గారు అన్నట్టు మూపు దగ్గర నేనే కొలిచి, రెండు లక్షలకు అడుగుతాను.

చొప్పకట్ట:
మీ టేపే పట్టుకెళ్లండి.

పలమనేరు కొట్టం:
రెండు లక్షలకు ఇవ్వరు.